చెమట తూచిన ఈరప్ప

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఈరప్ప జన్మలో ఒక్కసారి కూడా కుస్తీ పట్టలేదు. పట్టే ఒళ్లు కాదది. గాలి గట్టిగా వీస్తే మగ్గం గుంటలోకి దిగి కూర్చునే మనిషని భార్య హనుమంతమ్మ ఎగతాళి చేసేది. అయినా ఆ ఊరి కుస్తీ గరిడీలో ఎవరు ఏం తిన్నారు, తిని ఎన్ని బస్కీలు తీశారు, మర్నాడు ఎవరి ఒళ్లు ఎంత నొచ్చింది అన్న సంగతులు ఆయనకు తెలిసినంతగా ఆ పైల్వాన్లకే తెలియవు. దీనికంతటికీ కారణం మేనల్లుడు చౌడప్ప. అక్క పోతూ పోతూ వాణ్ణి తమ్ముడి చేతుల్లో పెట్టింది. వాడికి మగ్గం అబ్బలేదు, కుస్తీ అబ్బింది. అందులోనైనా వాణ్ణి నిలబెట్టాలని ఈరప్ప పంతం.

బాదంపప్పులూ నెయ్యీ తిని పెరిగే పైల్వాన్లు వేరు. నేతగాడి ఇంట్లో అవెక్కడివి? అందుకని ఆయన దొరికేవాటిలోనే బలం వెతికాడు. ఉలవలు మొలకెత్తించాడు. వేరుశనగలూ బెల్లమూ కలిపి దంచాడు. నువ్వులు, రాగిగంజి, నాటుకోడి గుడ్లు అన్నీ అయ్యాయి. ఏదైనా ముందు తనే వారం రోజులు తినేవాడు. కొత్త రంగులో పట్టంతా ముంచే ముందు నాలుగు పోగులు ముంచి చూడటం ఆయన చేతి అలవాటు. తిండి విషయంలో ఆ నాలుగు పోగులూ తన కడుపే. ఒకసారి హిందూపురం సంతలో కొన్న బలం లేహ్యం రెండు రోజులు తిని, మూడో రోజంతా చెంబు పట్టుకుని తిరిగాడు. ఆ లేహ్యం గరిడీ గడప తొక్కలేదు.

ఇంత చేసినా 1938లో హిందూపురం కుస్తీల్లో చౌడప్ప ఓడిపోయాడు. అక్కడ పొద్దున గెలిచినవాళ్లే సాయంత్రం మళ్లీ దిగాలి. పొద్దున మడకశిర పైల్వానును అవలీలగా పడేసినవాడు, సాయంత్రం కుస్తీ మొదలవగానే పిక్కలు కొంకర్లు పోయి కూలబడ్డాడు. గరిడీ ఉస్తాదు తిమ్మరాజు అందరి ముందే చెప్పేశాడు. వచ్చే ఏడు కూడా ఇట్లాగే పడితే వీడు ఇక తన గరిడీలో అడుగు పెట్టడానికి లేదు. ఆయన మాటంటే మాటే. ఆయన పెట్టిన నియమమూ అంతే. సాధన చేసినవాడు ఆ పూటంతా, పోటీ రోజైతే కుస్తీలన్నీ అయ్యేదాకా నీళ్లు ముట్టకూడదు. వేడెక్కిన ఒంట్లో నీళ్లు పడితే కండ వదులవుతుందని ఆయన గురువు చెప్పాడట, ఆ గురువుకు ఇంకో గురువు చెప్పాడట.

నాలుగు నెలలు ఈరప్పకు దిక్కుతోచలేదు. తప్పు తన తిండిలోనే ఉందనుకుని ఉలవలు పెంచాడు, తగ్గించాడు. అసలు సంగతి తట్టింది మగ్గం దగ్గరే. షావుకారు పట్టు తూచి ఇస్తాడు, చీర తూచి తీసుకుంటాడు. వానల్లో ఇచ్చిన పట్టు ఎండల్లో చీరై తిరిగి వెళితే తూకం తగ్గుతుంది, నేతగాడు దొంగ అనిపించుకుంటాడు. పోయింది పట్టు కాదు, అందులోని తడి. మరి మనిషికి మాత్రం తడి పోదా?

మర్నాడే చౌడప్పను వేరుశనగ మండీలో కాటా ఎక్కించాడు. సాధనకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. వాడు వీశెకు పైగా, అంటే దాదాపు కిలోన్నర, తగ్గాడు. మండీ హమాలీలు నవ్వుతూనే ఉన్నారు, ఈరప్ప వాడి వీపు మీది చెమటను వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు. ఉప్పగా ఉంది. పోయిందే తిరిగి పొయ్యాలనుకుని పల్చటి మజ్జిగలో ఉప్పు కలిపాడు. ఎప్పటిలాగే ముందు తనే బస్కీలు తీసి తాగి చూశాడు. ఇరవై బస్కీలకే ఆయాసంతో కూర్చున్నవాడి పరీక్ష ఏం పరీక్ష!

అందుకని మేనల్లుణ్ణి రైలెక్కించి పెనుకొండ తీసుకెళ్లాడు. మొదటి ఆదివారం నీళ్లు లేకుండా కొండ ఎక్కి దిగమన్నాడు. రెండోసారి ఎక్కుతుంటే సగం దారిలోనే పిక్కలు పట్టేశాయి. మరుసటి ఆదివారం దిగినప్పుడల్లా చెంబుడు ఉప్పుమజ్జిగ తాగించాడు. చౌడప్ప మూడుసార్లు ఎక్కి దిగి, తినడానికి ఏముందని అడిగాడు. ఈరప్ప ఆ కొండ కిందే కండ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఈ సంగతి చెబితే తిమ్మరాజు మాత్రం వినలేదు. నేతగాడు నాకు కుస్తీ నేర్పుతాడా అన్నాడు. అట్లాగే 1939 వచ్చింది. హిందూపురంలో పొద్దుటి కుస్తీ గెలిచి చౌడప్ప నాలుక పిడచగట్టుకుపోయి కూర్చున్నాడు. ఉస్తాదు చూడకుండా చెంబుడు ఉప్పుమజ్జిగ అందించడం ఎంతసేపు? ఈరప్ప ఆ పని చెయ్యలేదు. మజ్జిగ కుండ తెచ్చి తిమ్మరాజు ఎదుటే దించాడు.

"తిమ్మరాజన్నా, దొంగతనంగా ఇయ్యను. నీ కండ్ల ముందరే ఇస్తాండా. సాయంత్రం వాడు పడితే వాన్నొక్కన్నే కాదు, నన్నూ గరిడీలోకి రానియ్యొద్దు."

ఉస్తాదు మొహం అటు తిప్పుకున్నాడు. చౌడప్ప ఆయన కాళ్లకు మొక్కి, కుండ ఖాళీ చేశాడు.

సాయంత్రం కుస్తీ ఎంతకూ తెగలేదు. జనం పట్లు చూస్తుంటే ఈరప్ప మేనల్లుడి పిక్కలు చూస్తూ కూర్చున్నాడు. అవి వణకలేదు. చివరికి ఎదుటివాడి వీపు నేలకు తగిలింది. జనమంతా చౌడప్పను భుజాలకెత్తుకున్నారు. తిమ్మరాజు ఒక్కడే నిలబడిన చోటునుంచి కదల్లేదు.

ధర్మవరం స్టేషన్లో రైలు దిగాక ఆయన, మర్నాడు పొద్దున్నే తనతో రమ్మని ఈరప్పకు చెప్పాడు. వెళ్లింది మద్దిలేటి ఇంటికి. పన్నెండేండ్ల కిందట అతనూ ఇట్లాగే పిక్కలు పట్టేసి పడిపోతే, సత్తువ లేనోడివని తిమ్మరాజే గరిడీ నుంచి వెళ్లగొట్టాడు. అప్పటినుంచి అతను గరిడీ వీధిన నడవలేదు. ఉస్తాదును చూసి మద్దిలేటి గబుక్కున లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నా తిమ్మరాజు కూర్చోలేదు.

"నీకు సత్తువ లేక కాదబ్బా పడింది," అన్నాడు. "నేను నీళ్లియ్యక పడితివి."

మద్దిలేటి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని గడప మీద కూలబడ్డాడు. తిమ్మరాజు అతని తలమీద చెయ్యి వేశాడు. ఇట్లాంటి ఇండ్లు ఊళ్లో ఇంకా మూడున్నాయి. ఈరప్ప ఆ పూట మగ్గం మానుకుని ఉస్తాదు వెంట నడిచాడు.