ఎనిమిదో రోజు పేజీ

మా మేనమామ ముప్పై ఒక్క ఏళ్ళు లేత్ మెషీను మీద పనిచేశాడు. ఇనప కడ్డీని మెషీనుకి బిగించి గిరగిరా తిప్పుతూ, పదునైన టూలుతో చెక్కి, అడిగిన కొలతకి తేవడం ఆ పని. ఆ పని గురించి మా హైస్కూలు పిల్లలకి చెప్పమని ఆయన్ని ఏడాదికోసారి పిలిచేవారు. ఆ రోజుని కెరీర్ డే అంటారు.

స్కూలు హాల్లో టేబుళ్ళు వేస్తారు. డాక్టరుగారి టేబులు దగ్గర తోపులాట. సాఫ్ట్‌వేర్ ఆయన దగ్గర అంతకంటే పెద్ద తోపులాట. బ్యాంకు ఆవిడ పెన్నులు పంచేది కాబట్టి అక్కడా జనమే. మామయ్య టేబులు అన్నిటికంటే చివర, కుళాయిల వైపు వెళ్ళే తలుపు పక్కన. నూనెతో తుడిచి మెరిపించిన, ఇరుసులాంటి షాఫ్టు ఒకటి, రెండు పళ్ళ చక్రాలు, కొన్ని బోల్టులు, ఒక పళ్ళెంలో ఉంగరాలు తిరిగిన ఇనప తురుము పెట్టుకుని కూర్చునేవాడు. ఆగిన పిల్లలంతా ఒకటే అడిగేవారు.

"అంకుల్, బాత్రూం ఎటు?"

"ఇటే నాన్నా, కుడివైపు."

ఆయన్ని బోల్టు మాస్టారు అనేవాళ్ళం. నేనూ అన్నాను, సొంత మేనల్లుణ్ణయ్యుండి.

రోజు చివర పిల్లలు చీటీల మీద రాసివ్వాలి, సెలవుల్లో పది రోజులు ఎవరి దగ్గర పని చూస్తారో. దానికొక ఆకుపచ్చ అట్ట పుస్తకం ఉంటుంది. రోజుకో పేజీ. ఆ రోజు చేసిన పని, వాడిన పనిముట్టు, పని నేర్పిన పెద్దాయన సంతకం, పనిచోటు ముద్ర. కాలేజీలో సీటిచ్చేటప్పుడు ఆ పుస్తకానికి ఇరవై మార్కులు. నా ఏడాది నేను బ్యాంకు రాశాను. పది రోజులూ బ్యాంకు సోఫాలో కూర్చుని గోడ గడియారం చూశాను. నా పుస్తకంలో పది పేజీల్లోనూ 'ఖాతాదారులకు సేవ' అని ఉంది. నాకు ఇరవైకి ఇరవై వచ్చాయి. ఆ మార్కులతో దొరికిన చదువు నన్నెక్కడికీ తీసుకెళ్ళలేదు, అది వేరే సంగతి.

పదకొండేళ్ళలో ఒక్కరూ మామయ్య పేరు రాయలేదు. అత్త ఊరుకునేదా?

"ఉతికిన చొక్కా వేసుకుని పోతావు, మాసిన చొక్కాతో వస్తావు. ఒక్క పిల్లాడైనా వెంట వచ్చాడా? వాళ్ళకి దారి చూపించడానికి పిలుస్తున్నారంటే నిజమే, కుళాయిలకి దారి."

"వస్తార్లేవే," అనేవాడు ఆయన.

పన్నెండో ఏడు ఫోన్ వచ్చింది. కెరీర్ డే చూసే మేడమ్.

"ఒకమ్మాయి మీ పేరు రాసిందండీ. పొరపాటున రాసిందేమోనని పిలిచి అడిగాను కూడా. కాదంటోంది."

మామయ్య ఫోన్ పెట్టేశాడు. తర్వాత లేచి, వాడని అద్దాలజత ఒకటి వెతికి, సబ్బుతో కడిగి ఆరబెట్టాడు. మెషీను దగ్గర కళ్ళకి పెట్టుకునేవి. ఇంకొకరికి కావాలి కదా.

ఆ అమ్మాయి తల్లి లాండ్రీలో ఇస్త్రీ మెషీను మీద పని చేస్తుంది. ఒకసారి ఆ మెషీను లోపలి షాఫ్టు విరిగి, తల్లి ఎనిమిది రోజులు ఇంట్లో కూర్చుంది. తర్వాత ఎవరో కొత్తది చేసి తెచ్చి బిగించారు.

"అది ఎక్కడో ఎవరో చేస్తారు కదా సార్. ఎట్లా చేస్తారో చూద్దామని," అంది ఆ అమ్మాయి మొదటి రోజు. మెకానికల్ డిప్లొమా చదవాలని పట్టు. పరీక్షలో మార్కులు ఫరవాలేదు, కానీ ఆ కాలేజీకి పుస్తకం ఇరవై కలిస్తేనే అందుతుంది. అది వాళ్ళింట్లో అందరికీ తెలుసు. అందుకే ఆమె రోజూ ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి తెచ్చేది, నూనె మరక పడకుండా.

మామయ్య పనిచేసే షెడ్డులో ఒకప్పుడు నాలుగు లేత్‌లు ఉండేవి. ఓనరు మూడు అమ్మేశాడు. నాలుగోదానికీ బేరం నడుస్తోంది. "పది రోజులేగా, రానివ్వు. బేరం ఇంకా తేలలేదు," అన్నాడు.

అప్పుడు నాకు పనేమీ లేదు. చదువుకునే పుస్తకమేదో పట్టుకుని షెడ్డు మూల కూర్చునేవాణ్ణి, కాబట్టి చూశాను. మొదటి రోజు తుడవడం, నూనె వేయడం. రెండో రోజు సానరాయి మీద టూలుకి పదును పెట్టడం. మూడో రోజు మెషీను తిప్పనిచ్చాడు. నాలుగో రోజు ఆమె కడ్డీ బిగించే తాళంచెవిని మెషీనులోనే మరిచి స్విచ్చి వైపు చెయ్యి చాపింది.

"ఆగు!" మామయ్య అరవగా నేనెప్పుడూ వినలేదు. "అది ఎగిరొచ్చి తగిల్తే మీ అమ్మకి నేనేం చెప్పాలి? తాళం చేతిలో ఉండాలి, లేదా టేబులు మీద ఉండాలి. మూడో చోటు లేదు."

ఆమె కళ్ళు తుడుచుకుని, "టేబులు మీద, మాస్టారూ," అంది. ఆ రోజు నుంచి సార్ పోయి మాస్టారయ్యాడు.

ఐదో రోజు ఆమెకి సొంతంగా ఒక కడ్డీ ఇచ్చాడు. మూడు మెట్ల షాఫ్టు, అంటే ఒకే కడ్డీ మీద మూడు లావులు. ఒక మెట్టు ముప్పై మిల్లీమీటర్లు, ఒకటి ఇరవై ఏడు, ఒకటి ఇరవై నాలుగు. ఏడో రోజు సాయంత్రానికి రెండు మెట్లు కొలతకి వచ్చాయి. మూడోదాంట్లో ఇంకా అర మిల్లీమీటరుపైన తీయాలి.

"రేపు నిదానంగా తీద్దాం. చివర్లో తొందరపడితే మొత్తం పోతుంది," అన్నాడు మామయ్య.

ఎనిమిదో రోజు మేం వెళ్ళేసరికి షెడ్డు ముందు క్రేను లారీ ఉంది. మెషీను గొలుసులకి వేలాడుతోంది.

"మూడు రోజులు ఆగమనండి," అన్నాడు మామయ్య.

"కొన్నవాడు ఇవాళే పట్టుకెళ్తానన్నాడయ్యా. ఈ పిల్ల సెలవుల పుస్తకం చూపించి ఆపనా వాణ్ణి?" అన్నాడు ఓనరు. తప్పుగా ఏమీ అనలేదు. ఆయన షెడ్డు, ఆయన మెషీను.

నేల మీద నాలుగు బోల్టు మొండేలు, వాటి మధ్య నూనె మరక మిగిలాయి.

మామయ్య ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని రెండు వర్క్‌షాపులు తిరిగాడు. ఒకచోట, "ఆడపిల్ల వేలు తెగితే ఎవరు చూసుకుంటారు?" అన్నారు. ఇంకోచోట కంప్యూటరు మెషీన్లు. "తలుపు వేసి బటన్ నొక్కడమే అన్నా. నేర్చుకోవడానికి ఏముంది ఇక్కడ?" అన్నాడు అక్కడివాడు, కొంచెం జాలిగానే.

మధ్యాహ్నానికి ఖాళీ షెడ్డుకే తిరిగొచ్చారు. ఇద్దరూ ఆ మొండేల పక్కన కింద కూర్చున్నారు. మామయ్య తన సొంత మైక్రోమీటరు పెట్టె తెరిచాడు. వెంట్రుక మందాన్నైనా కొలిచే పనిముట్టు అది. ఆ రోజు, తర్వాతి రెండు రోజులు, దాన్ని చదవడం నేర్పాడు. కాగితం మందం కొలిచింది, తన వెంట్రుక కొలిచింది, మా అందరి చెప్పుల అడుగులు కొలిచింది. పదో రోజుకి ఆయన కంటే ముందు చదువుతోంది.

పదో రోజు సాయంత్రం తల్లి కూడా వచ్చింది. అప్పటికి చివరి మూడు పేజీలు ఖాళీగా ఉన్నాయి.

"లేత్ మీద షాఫ్టు పని అని రాసేయ్ మామయ్యా. ఎవడు చూస్తాడు? నా పుస్తకం నిండా అబద్ధాలే, ఇరవైకి ఇరవై ఇచ్చారు," అన్నాను.

"మెషీను లేనిదే షాఫ్టు పనేంట్రా?"

"రాసేయండి మాస్టారూ," అంది తల్లి. "మీకు పుణ్యముంటుంది. దానికి ఇంకో దారి లేదు."

అమ్మాయి మైక్రోమీటరుని పెట్టెలో సర్దుతోంది.

మామయ్య నవ్వాడు. "అది టెక్నికల్ కాలేజీ అమ్మా. బ్యాంకు కాదు. కొలవడం సగం పనని వాళ్ళకి తెలియదా? చేసింది రాస్తే వాళ్ళకే అర్థమవుతుంది." ఎనిమిదో పేజీ మీద తన గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'ఈ రోజు మెషీను లేదు. మైక్రోమీటరు చదవడం నేర్పాను. బాగా నేర్చుకుంది.' తొమ్మిదో పేజీ, పదో పేజీ కూడా అంతే. సంతకం పెట్టి, ఓనరు దగ్గర ముద్ర వేయించాడు. నేను పుస్తకం లాక్కుని ఉండాల్సింది. లాక్కోలేదు. ఎందుకో నేనూ ఆయన మాట నమ్మాను, ఒక్క సాయంత్రం.

కాలేజీలో నాలుగో కిటికీ దగ్గర పుస్తకాలు చూశారు. నలుగురం వెళ్ళాం. గుమాస్తా పేజీలు గబగబా తిప్పుతూ ఎనిమిదో దాని దగ్గర ఆగాడు.

"మెషీను లేదని రాశారేంటి?"

"అమ్మేశారండి. అందుకని కొలతలు నేర్పాను. కావాలంటే అడగండి, ఏదిచ్చినా చదువుతుంది." మామయ్య జేబులోంచి మైక్రోమీటరు తీసి కిటికీలోకి చాపాడు.

గుమాస్తా దాన్ని ముట్టుకోలేదు. "పది రోజులు పని ఉండాలి. ఇక్కడ ఏడే ఉన్నాయి. పదికి తక్కువైతే సున్నా." తర్వాత గొంతు తగ్గించి, "పెద్దాయనా, ఏదో ఒకటి రాయాల్సింది. మేం చదువుతామా?" అన్నాడు.

"ఇది చదివారుగా," అన్నాను నేను.

"ఇలా ఎవరూ రాయరు కాబట్టి కంట్లో పడింది."

ఆ అమ్మాయికి పదకొండు మార్కులు తక్కువయ్యాయి. ఆఫీసు మేనేజ్‌మెంటు కోర్సులో సీటిచ్చారు, చేరింది. మామయ్యకి మళ్ళీ పని దొరకలేదు. గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. అత్త దెప్పడం మానేసింది, దానికే నాకు ఎక్కువ భయమేసింది.

మళ్ళీ కెరీర్ డే ముందు స్కూలు నుంచి కాగితం వచ్చింది. 'మీ పనిచోటు', 'ఎంతమంది పిల్లల్ని తీసుకోగలరు' అని రెండు గళ్ళు. మొదటి గడిలో 'లేదు' అని రాశాడు. రెండో గడి దగ్గర పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

అదే వారంలో ఆ అమ్మాయి వచ్చింది. కాలేజీ సంచి భుజాన ఉంది. అందులోంచి తను చెక్కిన మూడు మెట్ల షాఫ్టు తీసింది, తుప్పు పట్టకుండా నూనె రాసి, అదే ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉంది.

"ఇంట్లో చోటు లేదు మాస్టారూ. అమ్మ పాత ఇనుము వాడికి వేసేస్తానంటోంది. మీ దగ్గర ఉంచండి."

మామయ్య మైక్రోమీటరు తెచ్చి మూడో మెట్టుకి బిగించాడు. కిటికీ వైపు తిప్పాడు, దగ్గరికి పెట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు. చూపు ఆనలేదు. ఆమె చెయ్యి చాపి తీసుకుంది.

"ఇరవై నాలుగు పాయింట్ ఆరు రెండు," అంది చూసీ చూడగానే.

"ఇంకా ఎంత తీయాలి?"

"పాయింట్ ఆరు రెండు."

"ఊఁ," అన్నాడు మామయ్య.

ఆమె బస్సుకి టైమైందని లేచింది. ఆయన మైక్రోమీటరు పెట్టెలో పెట్టి, స్కూలు కాగితం రెండో గడిలో సున్నా చుట్టి నాకిచ్చాడు, పోస్టులో వేయమని.