లంక మేడ మీద కాపలా

మా దళం ఏటిగట్టు మీదికి చేరేసరికి వాన ఆగిపోయింది. గాలి లేదు. గోదావరి చప్పుడూ లేదు. వరద అంటే హోరు ఉంటుందని చూడనివాళ్ళు అనుకుంటారు. గట్టు నిండా పారే నీరు చప్పుడు చెయ్యదు. ఎర్రగా, చదునుగా, వేగంగా పోతుంది. నేను లారీ దిగి మొదట చూసింది ఒక ప్లాస్టిక్ కుర్చీని. ఎవరో కూర్చున్నట్టు నిటారుగా, మునగకుండా, నది మధ్యలో పోతోంది.

మాకిచ్చిన చోటు తుఫాను షెల్టర్ పై అంతస్తు. కింద లంక జనం, పైన మేము. సామాను: పడవలు రెండు, ఇంజన్లు రెండు, వైర్‌లెస్ సెట్టు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు. నా లెక్కలోవి మందుల పెట్టె, పాముకాటు ఇంజెక్షన్లు, చిన్న ఆక్సిజన్ సిలిండర్లు.

నేను మెడికల్ అసిస్టెంటుని. మాది పెనుగొండ పక్క ఊరు. సొంత గడ్డ మీద డ్యూటీ పడటం సైన్యంలో అరుదు.

"అత్తారింటికొచ్చినట్టుందిరా నీకు," అన్నాడు పడవ డ్రైవరు. అతనిది తుని. "పూతరేకులేవి?"

"నీళ్ళు తగ్గనీ, పెడతాను."

"తగ్గాక మనల్నెందుకు ఉంచుతార్రా ఇక్కడ?"

మాతో వచ్చిన డాక్టరు కెప్టెన్ హోదాలో ఉన్నావిడ. ఆవిడకు ఇంకో పని కూడా ఉంది. మంచుకొండల పోస్టుల్లో ఏళ్ళ తరబడి చేసి వచ్చిన మాజీ సైనికుల ఊపిరితిత్తులు తర్వాత ఏమవుతున్నాయన్నది ఆవిడ పరిశోధన. డెల్టాలో అలాంటివాళ్ళు కొందరున్నారు. ప్రతివాడికీ వేలికి తగిలించుకునే క్లిప్పు ఒకటి ఇచ్చారు. రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూపిస్తుంది. మనబోటి వాళ్ళకు తొంభై అయిదు దాటి ఉండాలి. రోజూ పొద్దున్నే ఆ అంకె ఫోన్‌లో చెప్పాలి. వరదలో ఆ ఫోన్లు మా వైర్‌లెస్ ఆపరేటరు తీసుకుంటున్నాడు. ఎవరి అంకె తక్కువుంటే వాళ్ళింటికి పడవ ముందు వెళ్తుంది. మేడమ్ పెట్టిన నియమం అది. మంచి నియమమే.

మూడో రోజు ఉదయం కింది అంతస్తు నుంచి ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. లంకలోని బడిలో టీచరు. ఆవిడ తండ్రి సుబేదారుగా రిటైరయ్యారు. ఆవిడను రేవు దాటించే పంటు మీద పంపేసి, ఆయన మాత్రం లంకలో మేడ మీదే ఉండిపోయారు.

"మా నాన్నగారి దగ్గరికి ఎప్పుడెళ్తారండి?"

ఆపరేటరు కాగితం చూశాడు. "ఆయన బాగున్నారమ్మా. నిన్న తొంభై ఏడు, ఇవాళా తొంభై ఏడు. అందుకే ఆఖర్న పెట్టాం."

ఆవిడ నావైపు తిరిగింది.

"లంకలో కరెంటు పోయి రెండు రోజులైంది కదండి. ఆయనకి ఆక్సిజన్ మిషను లేకుండా గంట గడవదండి. మిషనుంటేనే తొంభై దాటదు. తొంభై ఏడు ఎలా వస్తుందండి?"

మేడమ్ ఆ మాట వింది. నన్ను చూసి "వెళ్ళు" అంది. 

పడవలో డ్రైవరు, నేను. సిలిండరు ఒకటి, ముక్కు గొట్టాలు, స్ట్రెచరు. ఆకాశం, నీళ్ళు ఒకే రంగులో ఉన్నాయి. కొబ్బరి చెట్ల మధ్య నుంచి వెళ్ళాం.

మేడ దగ్గర ఇంజను ఆపాడు. మెట్లు సగం దాకా మునిగి ఉన్నాయి.

"ఎవరక్కడ?" పైనుంచి గొంతు. సన్నగా ఉంది కానీ ఆర్డరు లాగే ఉంది.

"మెడికల్ అండి. గట్టు మీంచి వచ్చాం."

"రండి. చేతులు కనపడేలా రండి."

పైన వరండాలో రెండు కుర్చీలు. ఒకదాంట్లో సుబేదారుగారు. మిలిటరీ స్వెట్టరు, కింద పంచె. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. ఊపిరి పైపైనే ఆడుతోంది. పక్కన ఆక్సిజన్ మిషను చప్పుడు లేకుండా ఉంది. నా దగ్గరున్న క్లిప్పు ఆయన వేలికి పెట్టాను. అరవై నాలుగు. ఆ అంకెతో మనిషి కుర్చీలో నిటారుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

గొట్టం ముక్కుకి తగిలించి సిలిండరు తిప్పాను.

"పొద్దున్న తొంభై ఏడని చెప్పారేంటండీ?"

"రెండూ చెప్పాను బాబూ. అరవై నాలుగు, తొంభై ఏడు. పోస్టులో ఇద్దరం ఉన్నప్పుడు ఇద్దరిదీ చెప్పద్దా?"

అప్పుడర్థమైంది. వైర్‌లెస్ సెట్టు మీద ఒక అంకె చెప్పి వెంటనే ఇంకోటి చెబితే, మొదటిది తప్పని, రెండోది దిద్దుబాటని మాకు నేర్పుతారు. ఆపరేటరు నేర్చుకున్నట్టే చేశాడు. ఫోన్ అవతల ఉన్నది ఆ పద్ధతి తెలిసిన సుబేదారు కాబట్టి అతనికి అనుమానమే రాలేదు.

"రెండోవారెవరండి?"

ఆయన గడ్డంతో రెండో కుర్చీ చూపించారు. "నా రిలీఫ్."

కుర్చీ ఖాళీగా ఉంది. దాని చేతి మీద ఒక తడి తువ్వాలు, పిండినట్టు మెలి తిరిగి ఉంది.

ఆయన చిన్న చిన్న ముక్కలుగా చెప్పారు. మంచు పోస్టులో ఆయన కాపలాలో ఉన్నారు. ఆయన్ని దించాల్సిన తర్వాతి కాపలావాడు, అంటే రిలీఫ్, కింది గుడారం నుంచి బయల్దేరాడు. మంచు తుఫాను. వాడు పోస్టుకి చేరలేదు. ఎక్కడ పడ్డాడో దొరకలేదు. ఈయన వాడి కాపలా కూడా తనే చేశారు.

"నీళ్ళు మెట్లెక్కిన రోజు వచ్చాడు. కూచున్నాడు."

"తడిగా ఉందేంటి కుర్చీ?" డ్రైవరు నన్ను అడిగాడు. మెల్లగానే అడిగాడు కానీ ఆయనకి వినపడింది.

"ఇన్నేళ్ళు మంచులో ఉన్నవాడు కిందికొస్తే కరగడా?"

వాన ఆగి మూడు రోజులైంది. వరండా నేల పొడిగా ఉంది. కప్పు కారిన మరక లేదు. ఆ కుర్చీ, దాని కింద నేల మాత్రం తడి. 

"బయల్దేరదాం అండి. అమ్మాయిగారు గట్టు మీద ఎదురుచూస్తున్నారు."

"చార్జి ఇవ్వకుండా పోస్టు వదల్నా? నువ్వూ సిపాయివేగా."

"రిలీఫ్ వచ్చారుగా మరి."

"వచ్చాడు. నోరు విప్పడు. తిరిగి చెప్పనివాడికి చార్జి ఎలా ఇస్తాను?"

చార్జి ఇవ్వడమంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పాలి. కాపలా మారేటప్పుడు దిగేవాడు పోస్టులో ఉన్నవన్నీ ఒక్కొక్కటే చెబుతాడు. ఎక్కేవాడు ప్రతి మాటా తిరిగి పలకాలి. పలికితేనే దిగేవాడికి విముక్తి. సిలిండరు ముల్లు దిగిపోతోంది. ఎత్తుకుపోదామంటే ఆయన గుంజుకుంటారు. అరవై నాలుగు మీద పెనుగులాడితే గుండె ఆగిపోతుంది.

నేను మడమలు కలిపి నిలబడ్డాను. "చార్జి నేను తీసుకుంటానండి."

ఆయన నన్ను బూట్ల నుంచి తల దాకా చూశారు. చొక్కా బొత్తాం పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాను.

"పోస్టు ఒకటి."

"పోస్టు ఒకటి."

"ముందు నది. వెనక కొబ్బరితోట. మెట్లు సగం నీళ్ళు."

తిరిగి చెప్పాను.

"మిషను ఒకటి, పనిచెయ్యదు. టార్చి ఒకటి. మనిషి ఒకడు. మాట్లాడడు."

డ్రైవరు నా వైపు చూశాడు.

"మనిషి ఒకడు," అన్నాను. "మాట్లాడడు."

ఆయన భుజాలు అప్పుడు దిగాయి. రెండో చేతి వేలికున్న తన సొంత క్లిప్పు తీసి, వంగి, ఆ తువ్వాలు కొసకు తగిలించారు. "వాడిది రోజూ చూస్తూ ఉండు," అన్నారు. తెర మీద గీతలు వచ్చాయి. తర్వాత అంకె వచ్చింది. తొంభై ఏడు. కింద నాడి, నింపాదిగా.

దీనికి కారణం నాకు తెలుసు. ఆ క్లిప్పు ఎర్ర వెలుగు పంపి, అవతల ఎంత చేరిందో కొలుస్తుంది. తడి గుడ్డ గుండా వెలుగు కొంచెం కదిలినా దాన్ని నాడి అనుకుంటుంది. ఆక్సిజన్ తగ్గిన మెదడు లేని మనిషిని చూపిస్తుంది, అదీ తెలుసు. నేల ఎందుకు తడిగా ఉందో నాకు తెలియదు.

ఆయన్ని స్ట్రెచరు మీద దించాం. పడవలో సిలిండరు నేను పట్టుకున్నాను. గట్టు చేరేసరికి నా క్లిప్పు మీద డెబ్బై తొమ్మిది. కూతురు నీళ్ళలోకి మోకాలి దాకా దిగివచ్చి ఆయన పాదం పట్టుకుంది. "పంచె మీద స్వెట్టరేంటి నాన్నగారూ," అంది. మేడమ్ ఆ రోజు నుంచి ఫోన్ తానే తీసుకుంది.

వరద తీశాక మా దళం వెనక్కి వెళ్ళింది. నా సర్వీసు గడువు కూడా అయిపోయింది. ఇప్పుడు రాజమహేంద్రవరంలో ఒక డయాగ్నోస్టిక్ సెంటర్లో టెక్నీషియన్ని. ఆ లంక అంచు తర్వాతి వరదకి కోసుకుపోయింది. మేడ ఉన్నచోట ఇప్పుడు నది ఉంది.

సుబేదారుగారు బతికారు. కూతురితో గట్టు ఇవతల ఉంటున్నారు. చూడటానికి వెళ్ళాను. మిషను పక్కన గుర్రుమంటోంది. క్లిప్పు తొంభై చూపించింది. ఆయనకది మంచి అంకె. టీచరుగారు కాఫీకి లోపలికి వెళ్ళాక ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"పోస్టు ఎవరికిచ్చావు?"

నేను అబద్ధం చెప్పి ఉండొచ్చు. "ఎవరూ రాలేదండి," అన్నాను.

ఆయన తల ఊపారు. జాలిపడ్డట్టు కాదు, తెలిసినట్టు.

ఆ క్లిప్పు లాంటిదే ఇప్పుడు నా బల్ల మీద ఉంటుంది. అదే మోడల్. కాసేపు వేలు లేకపోతే దానంతటదే ఆరిపోతుంది. చాలాసార్లు చూశాను. ప్రతిసారీ ఆరిపోయింది.

ఆ రోజు పడవ మెట్ల నుంచి విడివడ్డాక ఒకసారి వెనక్కి చూశాను. మేం పైనుంచి దిగి, ఆయన్ని పడవలో సర్దేసరికి చాలాసేపయింది. మబ్బు వల్ల వరండా చీకటిగా ఉంది. మేం వెళ్ళినప్పుడు రెండో కుర్చీ గోడవైపుంది. ఇప్పుడు నదివైపుంది. దాని చేతి మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది, ఆరుతోంది, వెలుగుతోంది, నింపాదిగా, నాడి లాగా.