టబ్బులో చేపలను ఆదుకున్న పెద్దమనిషి

గోదాట్లో నా పడవ ఎన్నోసార్లు తిరగబడింది, ప్రతిసారీ ఒడ్డుకొచ్చాను. నిండా మునిగింది మాత్రం మా ఊరి ప్రభుత్వ హైస్కూలు వరండాలో, ఓ ప్లాస్టిక్ టబ్బు దగ్గర. చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ సరిగా నవ్వు రాదు.

కిందటేడు బడిలో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టారు. మా మనవరాలు దుర్గ అప్పుడు తొమ్మిదో తరగతి. అరవై దాటిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించిన పంతులమ్మ అదే. "ఏం చేస్తున్నావే?" అనడిగితే, "వచ్చి చూడు తాతయ్యా. గెలిస్తే జిల్లాకి పంపుతారు" అని మూతి బిగించేసింది.

పొద్దున్నే వెళ్లాను. పిల్లలంతా జడ్జిగా వచ్చిన మేడంకి ఎదురెళ్లారు. వరండాలో టబ్బు, టబ్బులో నాలుగు శీలావతి చేపలు. నీటిపైకొచ్చి, నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి. చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు. చావబోయే చేపను గుర్తుపట్టడం జాలరికి నేర్పాలా అండి? ప్రాణం పోయాక వండితే పులుసు రుచి సగం పోతుంది. వాటిని బకెట్లో వేసుకుని వంటషెడ్డుకు పరిగెత్తాను.

మధ్యాహ్న భోజనం వండే సత్తెమ్మ బెదిరింది. "ఎవరియ్యి బాబాయ్?"

"వచ్చేవాళ్ల కోసం తెప్పించుంటారే. ఇంకాసేపైతే పారెయ్యాలి. చింతపండు నానెయ్యి."

"మాస్టారినడిగావా?"

"చేపల సంగతి మాస్టారికేం తెలుసు?"

ఆ మాటన్న నాలుకను కూడా ఆ పులుసులోనే వేసుండాల్సింది.

పులుసు పొయ్యి మీదకెక్కించి, మీసం దువ్వుకుంటూ వరండాకొచ్చాను. మేడం ముందు దుర్గ గడగడా చెబుతోంది. "నీళ్లలోకి గాలి కొట్టే మోటారు ఆపేశాం మేడం. ఆక్సిజన్ తగ్గి చేపలు పైకొచ్చుంటాయి. ఇప్పుడు మోటారేస్తే మళ్లీ కిందకెళ్లి తిరుగుతాయి, చూడండి!"

స్విచ్చి నొక్కింది. పెళ్లికొడుకు పారిపోయిన పందిట్లో సన్నాయిలాగా, వట్టి నీళ్లలో బుడగలు మాత్రం లేచాయి.

"చేపలేవమ్మా?"

దుర్గ టబ్బులోకి చూసింది. తర్వాత నా చేతుల కేసి చూసింది. పొలుసులు ఇంకా కడుక్కోలేదు.

"తాతయ్యా!"

"చచ్చిపోతున్నాయనుకున్నానే..."

"మోటారేస్తే బతుకుతాయి తాతయ్యా!"

సైన్స్ మాస్టారు తల పట్టుకున్నారు. "కనీసం ఒక్కటైనా ఉంచారా అండి?"

"తలకాయలున్నాయండి," అన్నాను మర్యాదగా.

జిల్లాకు పక్క సెక్షన్ వాళ్ల అగ్నిపర్వతం వెళ్లింది. పులుసు మాత్రం మేడంగారు రెండోసారి వేయించుకున్నారు. దుర్గ ముట్టలేదు.

ఇంటికెళ్తుంటే దారిలో అంది: "చేపల గురించి నీకు తెలియంది ఒక్కటి నేను కనిపెట్టానని నీకు చూపిద్దామనుకున్నా తాతయ్యా. జిల్లా కోసం కాదు."

చేపతోనే బతికినవాణ్ణి. చచ్చేదాన్ని గుర్తుపట్టడమే నేర్చాను, బతికించడం నాకు నిజంగానే తెలియదు.

అందుకని సభాముఖంగా ఒట్టేస్తున్నాను: ఇకమీదట బడి గేటు లోపల ఏ ప్రాణి నోరు తెరిచినా, అది ఎవరి పాఠమో కనుక్కోకుండా కత్తిపీట ముందు కూర్చోను.