నా నుదుటి మీద దీపం

మొన్న మద్దిలపాలెం జంక్షన్‌లో, కరెంటు పోయినప్పుడు పనికొస్తుందని ఒక టార్చిలైటు కొందామని దుకాణానికి వెళ్లాను. దుకాణదారు పద్నాలుగు రకాలు వరసగా పరిచాడు. నేను ఏదీ తేల్చుకోలేక ముప్పావుగంట నిలబడ్డాను. పెళ్లిచూపుల్లో కూడా నేను ఇంతసేపు ఆలోచించలేదని మా ఆవిడ నలుగురి ముందూ ప్రకటించింది. విసిగిపోయిన దుకాణదారు అన్నిటికంటే పెద్దది తీసి, "దీని పవరు చూడండి సార్" అంటూ సూటిగా నా మొహం మీద వేశాడు. దుకాణం మాయమైంది, మా ఆవిడ మాయమైంది, ఎదుట అంత పెద్ద బస్సు డిపో బస్సులతో సహా మాయమైంది. ఒక తెల్లటి గోడ మిగిలింది. కళ్లు నులుముకుంటూ నిలబడ్డ నన్ను చూసి అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. సరిగ్గా అలాంటి గోడనే ఒకప్పుడు నేను ఇంకొకరి కళ్ల ముందు కట్టాను. కట్టి, పదకొండేళ్లు నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆ ఇంకొకరు మా బావ. చుట్టరికం ఏమీ లేదు. మేము గోదావరి నుంచి వచ్చి ఉక్కునగరం క్వార్టర్స్‌లో దిగినవాళ్లం. అతనిది ఆ వెనక సముద్రపొడ్డున ఉన్న జాలరిపల్లె. అతని భార్య మా సెక్టారుకు చేపలు తెచ్చేది. బేరమాడీ బేరమాడీ గొంతులు బొంగురుపోయాక, ఆవిడా మా ఆవిడా వదినా మరదళ్లయ్యారు. అలా అతను నాకు బావయ్యాడు. వాళ్ల మామగారికి ఒక చిన్న ఫైబరు పడవ, ఇద్దరు అల్లుళ్లు. చుక్కాని మాత్రం పెద్దల్లుడైన మా బావ చేతిలోనే ఉండేది. ఆ పల్లెలో చుక్కాని పట్టేవాడంటే సామాన్యుడు కాదు. పెళ్లిలో అతను కూర్చోకుండా పంతులు మంత్రం మొదలుపెట్టడు, టీకొట్టులో అతని గ్లాసు నిండకుండా ఇంకొకరి గ్లాసు తడవదు. నేను కాస్త పెంచి చెబుతున్నాననుకుంటే సగానికి తగ్గించుకోండి. ఆ సగం కూడా తక్కువ గౌరవమేమీ కాదు.

వాళ్ల పడవలో ఒక ముసలి టార్చి ఉండేది. దాని మూతికి పాత ఎర్రచీర ముక్క రెండు మడతలు వేసి కట్టేవారు. వల చూసుకోవడానికో, ఇంజను చూసుకోవడానికో క్షణంసేపు వేసి ఆర్పేసేవారు. చీకటికి అలవాటుపడ్డ కళ్లను ఎర్రదీపం చెడగొట్టదని వాళ్ల లెక్క. తిరిగొచ్చేటప్పుడు గుట్ట మీద గుడి దీపం, దాని కింద ఒడ్డున కర్రకు కట్టిన లాంతరు, రెండూ నిలువుగా ఒక గీతలో కనిపిస్తే దారి సరైనదన్నమాట. గీత ఎడమకు చెదిరితే రాళ్లు. ఇదంతా నాకు బావ విడమరిచి చెప్పాడు. నేను కరెంటు విభాగంలో పనిచేసేవాణ్ణి కదా, వెలుతురుకు సంబంధించిన విద్య యావత్తూ నాకే రాసిచ్చినట్టు ఫీలయ్యేవాణ్ణి. "మీ టార్చికి పెళ్లి చేస్తున్నారా ఏంటి, ఎర్రచీర కట్టారు?" అని ఎగతాళి చేసి, నెల రోజులు ఊరంతా గాలించి, తలకు కట్టుకునే దీపం ఒకటి కొనుక్కొచ్చాను. అది వేస్తే అండమాన్‌లో కోళ్లు తెల్లారిందనుకుని కూస్తాయి.

బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంత ఎలుగెందుకు బావా? మనకి కావాల్సింది ఒడ్డు అవుపడ్డం. మనం ఒడ్డుకి అవుపడ్డం కాదు."

నేను వినలేదు. కొన్నవాడి మొహం చిన్నబుచ్చలేక చివరికి అతనే, "సర్లే, ఒక్కపాలి సూద్దాం. మావకి సెప్పకు" అన్నాడు.

అలా ఒక వేకువజామున, మిగతావాళ్లు లేకుండా, ఇద్దరమే బయల్దేరాం. వెళ్లేటప్పుడు దీపం వెయ్యనివ్వలేదు. ఇంకా చీకటి విడవకముందే తిరిగొస్తుండగా నేను ఆగలేకపోయాను. ముందువైపు కూర్చుని, తలకు కట్టుకుని, మీట నొక్కాను. పలచటి మంచు మీద పడి ఆ వెలుగంతా పాలపిండిలా పరుచుకుంది. వెనక నుంచి బావ ఏదో అరిచాడు. ఇంజను మోతలో వినపడక, "ఏంటి బావా?" అంటూ అతని వైపు తిరిగాను. తలతోపాటు దీపమూ తిరిగింది. చేతిలోని టార్చి అయితే పక్కకు దించేవాణ్ణేమో. నుదుటికి కట్టుకున్నవాడు ఎవరితో మాట్లాడితే వాళ్ల కళ్లు పోతాయని ఇంత చదువు చదివిన నాకు అప్పటిదాకా తోచలేదు.

"ఆర్పు బావా! నాకేటీ కనపడ్నేదు!" అని అతను చేయి అడ్డం పెట్టుకున్నాడు. సరిగ్గా వినాలని నేను ఇంకా దగ్గరగా వంగాను.

రాయి తగిలింది. పడవ ముక్కు చీలింది. బావ కుడిభుజం విరిగింది. నాకు మోచేతి మీద గీరుకుంది. ఆ గీతకు నేను పదిరోజులు కట్టు కట్టుకుని తిరిగాను. దీపం మాత్రం సముద్రంలో పడిపోయింది, సాక్ష్యం లేకుండా.

ఆసుపత్రి వరండాలో మామగారు వచ్చి అల్లుడి ముందు నిలబడ్డారు. "నీటిమీద పుట్టినోడివి. ఏటైందిరా?"

బావ నా వైపు చూడకుండానే చెప్పాడు: "కునుకు పట్టేసింది మావా."

నన్ను కాపాడ్డానికే అన్నాడని నాకు తెలుసు. నోరు తెరవడానికి నాకు చోటుంది, ఊపిరి ఉంది, కారణమూ ఉంది. నేను వాచీ చూసుకుని, డ్యూటీ టైమైందని లేచి వచ్చేశాను. ఆ రోజు నాకు వీక్లీ ఆఫ్.

భుజం అతుక్కుంది. చుక్కాని మాత్రం చిన్నల్లుడి చేతికి వెళ్లింది, మళ్లీ రాలేదు. పడవ ఎక్కేటప్పుడల్లా ఎవడో ఒకడు, "బావో, తలగడ తెచ్చుకున్నావేటి?" అనేవాడు. బావ నవ్వేవాడు. వినీ విననట్టు నేనూ నవ్వేవాణ్ణి.

దుకాణం నుంచి వచ్చిన మర్నాడు పల్లెకు వెళ్లాను. మామగారు నీడన కూర్చుని వల బాగుచేసుకుంటున్నారు. బావను పక్కకు పిలిచి, "ఇవాళ మీ మామకు చెప్పేస్తాను" అన్నాను. దారి పొడవునా సాధన చేసిన మాట అది.

అతను కంగారుగా నా చేయి పట్టుకున్నాడు. "నీకు దణ్ణం బావా, సెప్పకు. నిద్రపోయినోణ్ణని మావ నన్ను మన్నించినాడు. ఇన్నేళ్లూ మొహమ్మీద అబద్ధమాడినోణ్ణంటే మన్నిస్తాడేటి? తోడల్లుడు మాత్తరం ఊరుకుంటాడా? అప్పుడు సెప్పుంటే సరిపోయేది."

"ఏటల్లుడూ, గుసగుసలు?" అని అటు నుంచి మామగారు కేక వేశారు.

"ఏట్నేదు మావా, బావ సేపలకొచ్చినాడు."

చేపలకు వచ్చినవాడిలాగే సంచి పట్టాను. అతను వంగి, మంచివి ఏరి, ఎడమచేత్తోనే అందులో వేశాడు. కుడిచేయి ఇప్పటికీ బరువు ఎత్తదట. అది నాకు అప్పుడే తెలిసింది. అప్పట్లో చెప్పి ఉంటే అతన్ని ఒడ్డున పడేసే నిజమే, ఇవాళ చెబితే అతన్ని ముంచుతుంది. నేను చూస్తూ ఉండగానే, ఏ చప్పుడూ లేకుండా, కాలం దాన్ని అలా తిప్పేసింది.