కాలు తగిలితే

సింగపూర్ క్లబ్బు నా ఆరో జట్టు. అంతకు ముందు ఐదు జట్లకు ఆడాను, ఎక్కడా రెండో సీజను దాకా ఉంచుకోలేదు. కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నానని మా అమ్మ సాధించేది. బాస్కెట్‌బాల్‌లో నేను గార్డుని. గార్డంటే బంతి తట్టుకుంటూ ముందుకు తీసుకెళ్ళి, బుట్ట కింద నిలబడ్డ పొడుగువాడికి అందించేవాడు. పేరు వాడికి, చెమట మనకి.

ఊళ్ళో టోవా పాయో అనే పేటలో, ఒకే ఫ్లాట్లో నలుగురం తెలుగువాళ్ళం ఉండేవాళ్ళం. మిగతా ముగ్గురిదీ సాఫ్ట్‌వేరు. కంప్యూటర్ ముందు కూర్చోగలిగిన ప్రతివాడి కోసం కంపెనీలు ఎగబడుతున్న రోజులవి. ముగ్గురిలో పెద్దవాడిది గుంటూరు వైపు, ఉద్యోగం సైన్స్ పార్క్‌లో. అందరం అన్నయ్య అనేవాళ్ళం. రోజూ పొద్దున షూ వేసుకుంటూ ఆయన నాకు పాఠం చెప్పేవాడు.

"ముప్పై రెండేళ్ళొచ్చినయ్. ఇంకెన్నాళ్ళు ఎగురుతావురా? మూడు నెలలు కోర్సు చెయ్యి, మా టీమ్‌లో పెట్టిస్తా."

చెడ్డవాడైతే తిట్టి వదిలేసేవాణ్ణి. నా మంచి కోరి చెబుతున్నాడు కాబట్టే ఒళ్ళు మండేది. చివరికి పడలేక మాటిచ్చేశాను. క్లబ్బు నన్ను రెండో సీజనుకి తీసుకోకపోతే బూట్లు అటకెక్కించి కోర్సులో చేరతాను.

తీసుకోరనే అనిపించింది. దానికి నా కాలే కారణం.

మూడో మ్యాచ్‌లో అవతలి జట్టు గార్డు జారి నా ముందు పడ్డాడు. దాటబోతుంటే నా బూటు వాడి భుజానికి తగిలింది. పుస్తకానికి కాలు తగిలినా, మనిషికి తగిలినా తాకి కళ్ళకద్దుకోవాలని నాన్నమ్మ నేర్పింది. అద్దుకోకపోతే అన్నం పెట్టేది కాదు. బంతి తడుతున్న కుడిచెయ్యి దాన్ని వదిలేసి దానంతటదే వాడి భుజం మీదికి వెళ్ళింది. నేను కళ్ళకద్దుకుంటుండగా ఇంకొకడు బంతి ఎత్తుకుపోయి బుట్టలో వేశాడు. రెండు పాయింట్లతో ఓడిపోయాం. మన దగ్గర ఆడినప్పుడు ఈ గొడవే లేదు, అవతలివాడికీ అదే అలవాటు, ఇద్దరం ఆగేవాళ్ళం.

మా కోచ్ అరవై ఏళ్ళ చైనీస్ పెద్దాయన, జట్టంతా అంకుల్ అని పిలిచేది. "ఆడ్డానికొచ్చావా, దండం పెట్టడానికొచ్చావా?" అని ఇంగ్లీషులో అడిగి నన్ను బెంచీ చివర, నీళ్ళ సీసాల పక్కన కూర్చోబెట్టాడు. ఈ ఊళ్ళో తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో తినబోయేవాళ్ళు కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్టు పెడితే ఇక ఆ చోటు వాళ్ళదే, దాన్ని చోప్ చెయ్యడమంటారు. అంకుల్ మ్యాచ్‌లోనూ అంతే. తన పక్క కుర్చీలో ప్యాకెట్టు పెట్టేవాడు, తర్వాత దింపబోయే ఆటగాడికే అది దక్కేది. ఎనిమిది మ్యాచ్‌లు నేను ఆ ప్యాకెట్టును చూస్తూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది కూడా.

చివరి మ్యాచ్ పాయా లేబర్‌లో, ఆదివారం మధ్యాహ్నం, మళ్ళీ ఆ మూడో మ్యాచ్ జట్టుతోనే. అన్నయ్య వాళ్ళూ వచ్చారు. ఆట ముగియబోతుండగా మా మొదటి గార్డుకి చీలమండ బెణికింది. అంకుల్ ప్యాకెట్టు తీసి జేబులో వేసుకుని నా వైపు చూశాడు. కుర్చీలో కూర్చునే టైము కూడా లేదు, నేరుగా దిగాను.

ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి నా దగ్గరుంది. లాక్కోవాలని అవతలి జట్టు గార్డు, అప్పటివాడే, దూకి, అందక, బోర్లా పడ్డాడు. నా కాలు వాడి మోచేతికి తగిలింది. కుడిచెయ్యి కదలబోయింది. నాన్నమ్మా, ఒక్క నిమిషం ఆగవే అనుకుని బంతిని వదల్లేదు. ఇద్దరు మీదికొచ్చారు. "నువ్వే వెయ్యిరా!" అని అన్నయ్య అరుస్తున్నాడు, ఆయనకి ఆట తెలిస్తేగా. ఆ ఇద్దరి మధ్య నుంచి మా పొడుగువాడికి అందించాను. వాడు వేశాడు. గంట మోగింది.

అందరూ పొడుగువాణ్ణి ఎత్తుకున్నారు. నేను ఆ గార్డు దగ్గరికెళ్ళి, మోచెయ్యి తాకి కళ్ళకద్దుకున్నాను. వాడు బిత్తరపోయి చూశాడు. నాకు మాత్రం ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

మర్నాడు పొద్దున అంకుల్ హాకర్ సెంటర్‌కి రమ్మన్నాడు. కోర్సు కాగితాలు బ్యాగులో పెట్టుకునే వెళ్ళాను. ఆయన ఎదురు కుర్చీలో టిష్యూ ప్యాకెట్టు ఉంది. ఎవరో వస్తున్నారనుకుని పక్కన నిలబడ్డాను.

"నీకే చోప్ చేశాను లా," అన్నాడు, మాట చివర ఈ ఊరివాళ్ళు తగిలించే 'లా'తో. "వచ్చే సీజనంతా."

తడబడుతూ కూర్చోబోతే టేబుల్ కింద నా కాలు ఆయన కాలికి తగిలింది. వంగి, తాకి, కళ్ళకద్దుకున్నాను. ఈసారి కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఇప్పుడు ఓకే," అన్నాడు అంకుల్, కాఫీ నా వైపు జరుపుతూ. "బాల్ లేదు కదా."