ఏటి తాగినాడు?

నర్సీపట్నం బస్టాండుకు కాస్త ఇవతల ఈమధ్య ఒక అంబలి బండి వెలిసింది. పొద్దున్నే నడకకు వెళ్ళొచ్చిన పెద్దమనుషులు చెమట తుడుచుకుంటూ దాని చుట్టూ మూగి, షుగరు తగ్గుతుందని ఒకరికొకరు చెప్పుకుంటూ, గ్లాసులకు గ్లాసులు లాగించేస్తుంటారు. రాత్రంతా నాని పులిసిన చోడిపిండి, అదే రాగిపిండి, మజ్జిగ, తరిగిన ఉల్లిపాయ, నలిపిన పచ్చిమిరపకాయ, ఆ వాసనలన్నీ కలిసి, స్కూటరు మీద బడికి పాఠాలు చెప్పడానికి పరుగెత్తే నన్ను పట్టి ఆపుతాయి. నేనూ ఒక గ్లాసు తీసుకుంటాను. రెండు గుక్కలు దిగేసరికి కాళ్ళు నిలవవు, ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు గాభరా పుడుతుంది, మిగిలింది అక్కడే పెట్టేసి వచ్చేస్తాను. డబ్బులిచ్చి పారబోసుకునే ఈ టీచరమ్మకి ఏదో తిక్క ఉందని ఆ బండతను ఈపాటికి తేల్చేసుకునే ఉంటాడు.

మా చిన్నతనంలో అంబలిని ఆరోగ్యం కోసం తాగినవాళ్ళు నాకు తెలీదు. ఇంట్లో అదే ఉండేది, అదే తాగేవాళ్ళం. వేసవిలో జీడిపిక్కలు కాల్చిన పొగ వీధంతా కమ్ముకుని కళ్ళు మండుతున్నా, వానాకాలంలో చూరు నుంచి నీళ్ళు కారి పొయ్యి ముందు చతికిలబడ్డ నాయనమ్మ వీపు తడిసిపోతున్నా, చలికాలంలో చెరుకు గానుగల దగ్గర కాగే బెల్లం వాసన ఊరవతల నుంచి వచ్చి మా ఆకలిని రెట్టింపు చేస్తున్నా, తెల్లారేసరికి అంబలి కుండ మాత్రం తయారుగా ఉండేది. నాగులచవితికి నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి ముద్దలు తిని కడుపు నింపుకున్న రోజొక్కటే దానికి సెలవు. పొద్దున్నే వీధిలో ఎవరెదురైనా పలకరింపు ఒకటే, "తాగీసినారేటి?" అని. ఏం తాగారని ఎవరూ అడగరు. పొద్దున్న తాగడమంటే అంబలే.

నాన్నకు కుదురన్నది లేదు. నాకు ఆయన పోలికే వచ్చిందని అందరూ అంటారు. పాత మోపెడ్ మీద కొయ్యూరు సంతకు వెళ్ళి చింతపండు, కొండచీపుళ్ళు, పసుపు కొనుక్కొచ్చి మా ఊళ్ళో అమ్మేవారు. బండి స్టార్ట్ చేసి, అది డుగడుగలాడుతుండగా ఒక కాలు గడపలో, ఒక కాలు వీధిలో పెట్టి నిలబడే అంబలి తాగేవారు. కూర్చుని తాగమని నాయనమ్మ రోజూ గొణిగేది. మీసానికి అంటుకున్నది భుజం మీది తువ్వాలుతో తుడుచుకుంటూ ఆయన అప్పటికే సందు మలుపు తిరిగిపోయేవారు. తిరిగొచ్చేటప్పుడు ఎప్పుడైనా ఏటికొప్పాక లక్క బొంగరం జేబులో ఉండేది. ఆడపిల్లకి బొంగరమేమిటని అమ్మ అంటే, తిరుగుతుంటే చూడ్డానికి బాగుంటుంది కదా అనేవారు.

ఒక సంతరోజు పొద్దున్న, కొయ్యూరు దారిలో, ముందున్న బస్సును దాటబోయిన లారీ మలుపులో ఎదురొచ్చి ఆయన్ని కొట్టేసింది. చింతపండు తేవడానికి పట్టుకెళ్ళిన ఖాళీ గోనెలు మాత్రం ఇంటికొచ్చాయి. నాకప్పుడు పదేళ్ళుంటాయేమో.

నష్టపరిహారం అన్న మాట అప్పుడే మొదటిసారి విన్నాను. మా తరఫు లాయరు గారు మంచివారే. పోయినవాళ్ళ సంపాదనను బట్టే కోర్టు డబ్బు లెక్కకడుతుందని, ఇంట్లో లేమి కనబడేలా మాట్లాడవద్దని అమ్మకు మరీమరీ చెప్పారు. దాంతో అమ్మకు అంబలి గురించే బెంగ పట్టుకుంది. అంబలి తాగే ఇల్లంటే ఆయన సంపాదన ఏపాటిదో జడ్జి గారికి ఇట్టే తెలిసిపోతుంది కదా. వంటింట్లో నిలబడి తనలో తాను ప్రశ్నలు వేసుకుని జవాబులు చెప్పుకునేది. వాటిలో ఎక్కడా ఆ మాట రానిచ్చేది కాదు.

విశాఖ కోర్టులో నాయనమ్మా నేనూ వెనక బల్ల మీద కూర్చున్నాం. నేను కాళ్ళూపుతుంటే నాయనమ్మ నా తొడ గిల్లుతోంది. బీమా కంపెనీ తరఫు లాయరు మెత్తగా మాట్లాడే మనిషి, ఈ ప్రాంతం వాడు కాదు. ఆ పొద్దున్న మీ ఆయన ఇంట్లోంచి ఎలా బయల్దేరాడమ్మా అని అడిగాడు. అమ్మ నోటిదాకా వచ్చిన అంబలిని మింగేసింది.

"తాగీసి ఎల్నాడండి."

రోజూ తాగే వెళ్తాడా అని ఆ లాయరు ఇంకా మెత్తగా అడిగాడు.

"రోజూ తాగీసే ఎల్తాడండి. తాగకపోతే అంత దూరం బండి తోలడానికి ఓపికేటుంటాది?"

ముందు బల్లల్లో ఎవరో నవ్వారు. టైపు మిషను టకటకలాడింది. నాన్న తాగుబోతని ఏ డాక్టరూ రాయలేదు, ఏ పోలీసూ అనలేదు. తాగి బండి నడిపి తనే లారీ కింద పడ్డాడని చెప్పుకోవడానికి బీమావాళ్ళకి ఆ మాట అమ్మే అందించింది. మా లాయరు గారు లేచి, అది ఇక్కడివాళ్ళు అలవాటుగా అనే మాటేనని, ఏం తాగాడో అడగాలని పట్టుబట్టారు. జడ్జి గారు అమ్మవైపు తిరిగి, ఏం తాగాడమ్మా అని అడిగారు.

అమ్మకు అప్పుడు అర్థమైంది. ముఖం నల్లబడింది. చెప్తే పేదరికం బయటపడుతుంది, చెప్పకపోతే మనిషి తాగుబోతైపోతాడు. బోనులోని కొయ్యను పట్టుకుని మా లాయరు గారి వంక చూసింది, ఆయన తల దించుకున్నారు. నాకు లేచి అరవాలనిపించింది. నాయనమ్మ నా నోరు గట్టిగా మూసేసింది.

"అంబలండి," అంది అమ్మ. "సోడంబలి. మాకు పొద్దున్న అదేనండి, ఇంకేటీ ఉండదు. మా ఆయన సారా ముట్టడు. అది రాయండి బాబూ, బేగి రాయండి."

రాశారు. తీర్పు మాకే వచ్చింది, తప్పంతా లారీదేనన్నారు. కానీ నాన్న సంపాదనను మేం చెప్పుకున్నదానికంటే బాగా తగ్గించి లెక్కకట్టారు. ఆ ఒక్క మాట కేసును నిలబెట్టి సొమ్మును కోసేసిందని లాయరు గారు బాధపడ్డారు. అమ్మ బాధపడలేదు. ఆ డబ్బుతోనే నన్ను టీచరు ట్రైనింగు దాకా చదివించింది. ఇంట్లో అంబలి కాయడం మాత్రం మానేసింది.

ఇప్పుడు మా వీధిలో జీడిపిక్కల పొగ లేదు, గానుగ వాసన లేదు, నాయనమ్మ లేదు. పొద్దున్నే తాగీసినారేటి అని ఎవరూ పలకరించుకోరు. టిఫినయిందా అంటారు, అదీ ఫోనులోనే. అమ్మ నా దగ్గరే ఉంటోంది. నేను బడికి బయల్దేరే వేళకు వచ్చి గేటు పట్టుకుని నిలబడుతుంది. టైమైపోతోందని హారన్ కొట్టినా కదలదు.

"ఏటి తాగినావో పేరెట్టి సెప్పి ఎల్లు," అంటుంది.

మొదట్లో విసుక్కునేదాన్ని. ఇప్పుడు విసుక్కోను. కాఫీ తాగి వెళ్తున్నానమ్మా అని, ఎదురింటివాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా చెప్తాను. అప్పుడు గేటు తీస్తుంది.