జపాన్ ఫంక్షన్ బ్యాండు

మా నాయనది మార్కాపురంలో పెళ్లిళ్లకు వాయించే బ్యాండు మేళం. ఆయనది ట్రంపెట్, మా మేనమామది క్లారినెట్. జిల్లాలు చీల్చిన మరుసటి ఎండాకాలం, ఒక ఊరేగింపులో మామ భక్తి పాట వాయిస్తూ వాయిస్తూ తీన్మార్‌లోకి దూకాడు. నాయన అందరి ముందూ కడిగేశాడు. మామ క్లారినెట్ సంచిలో పెట్టుకుని కొమరోలు బస్సెక్కాడు.

క్లారినెట్ లేని మేళాన్ని ఎవరు పిలుస్తారు? రెండు పెళ్లిళ్లు డీజే వాళ్లకు పోయాయి. మిగిలిన గిద్దలూరు పెళ్లి కూడా పోతే మేళం ఎత్తేస్తానన్నాడు నాయన. ఆయనకు అన్నం సహించేది కాదు. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండేది.

అప్పుడే నా ఫోన్‌లో ఒక జపాన్ బ్యాండు తగులుకుంది. పంక్ అనే అరుపుల పాటా, ఫంక్ అనే చిందుల పాటా కలిపి కొడతారు. మొదటి వీడియోల్లో కుర్రాళ్లు గొంతు చించుకుని అరుస్తారు. తర్వాత శాక్సోఫోన్ వచ్చింది, ట్రంపెట్ వచ్చింది, నడుముని నిలవనివ్వని దరువు వచ్చింది. వంటింట్లో నేను గెంతుతుంటే పొయ్యి మీద పప్పు మాడింది.

"ఏందే ఆ గోల?" అంటూ నాయన వచ్చాడు.

"జపాన్ ఫంక్ బ్యాండు నాయనా."

"ఫంక్షన్ బ్యాండా? ఆడ గూడా ఉండారా మనోళ్లు?"

మాకు ఫంక్షన్ అంటే పెళ్లి, లేకపోతే ఓణీలు. కాదని చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఎన్నాళ్లకో ఆయన మొహం వెలిగింది మరి. ఫోన్ లాక్కుని గోడకు చేరబడి, వాళ్ల జుట్టు నెరిసిన వీడియోల దాకా అన్నీ చూశాడు.

"నిదానంగా ఎత్తుకోని చిందులోకి పోతుండారే. పెళ్లోళ్లు ఏమనరా?"

"వాళ్లూ ఎగురుతారు."

"మధ్యలో కొన్నేళ్లు లేరేంది?"

"కొట్లాడుకోని విడిపోయినారు. మళ్లా కలిసినారు."

"ముందెవరు పిలిచినారు?"

నాకేం తెలుసు? అయినా తడుముకోకుండా, "ట్రంపెటాయన" అన్నాను.

మర్నాడు నాయన కొమరోలు పోయి, సాయంత్రానికి మామతో కలిసి బస్సు దిగాడు.

గిద్దలూరు పెళ్లిలో మామ నెమ్మదిగా భక్తి పాట ఎత్తుకున్నాడు. రెండో చరణంలో నాయన వైపు ఓరగా చూసి, దూకేశాడు. నాయన కళ్లు పెద్దవి చేశాడు. తర్వాత ట్రంపెట్ ఎత్తి మామ వెనకే దూకాడు. పెళ్లికొడుకు కారు దిగి ఎగిరాడు. నేను చెప్పు తెగేదాకా ఎగిరాను.

తిరుగు బస్సులో మామ నా చెవిలో అన్నాడు: "ఫంక్ అంటే ఫంక్షన్ కాదమ్మా. నాయనతో అనొద్దు. అట్ల అనుకోబట్టే నన్ను పిలిచేదానికి వచ్చినాడు."

ఇంటికొచ్చాక నాయన తలుపు తాళం తీస్తూ, "ఒక్క వీడియోలో గూడా పెళ్లికూతురు లేదే. నాకు తెలుసులే. మీ మామతో మాత్రం అనొద్దు" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు.

"ట్రంపెటాయన ముందు పిలిచినాడంటివే, అదన్నా నిజమేనా?"

"నిజమే నాయనా" అన్నాను.